గిన్నెలు తోమే బండ మీద చూసిన నీలం

ఈ సంగతి ఎందుకు రాయాలో ముందు చెబుతాను. మేం పెరిగిన, గని కూలీలకు వరసగా కట్టిన లైన్ ఇంటి వెనక ఒక బండ ఉండేది. అమ్మ దాని మీద గిన్నెలు తోమేది. ఆ బండ పగుల్లో ఒకప్పుడు నీలం గీత ఒకటి పుట్టింది. ఎవరూ పూయలేదు, ఎవరూ పోయలేదు. దాన్ని సరిగ్గా చూసినవాళ్ళం అమ్మా నేనూ, ఇద్దరమే. తరువాత నాయన పెరట్లో సిమెంటు గచ్చు పోయించినప్పుడు ఆ బండను పలుగుతో పగలగొట్టి అడుగున వేశారు. ఆ రంగుకు ఇక మా రెండు జతల కళ్ళే సాక్ష్యం. అందులో ఒక జతకు మసక కమ్మింది. అప్పుడు నాకు పుట్టిన భయమే ఈ రాతకు మూలం.

గ్రంథాలయంలో రంగుల గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. దూరదేశపు కొండల్లో తవ్విన నీలిరాయి గురించి ఉంది, నీలిమందు పొలాల గురించి ఉంది. కోలారు బంగారు గనుల్లో ఒక ఇంటి వెనక బండ మీద పుట్టిన నీలం గురించి ఒక్క వాక్యం కనబడలేదు. ఎవరైనా రాస్తారని ఎదురుచూస్తే లాభం లేదని తేలిపోయింది.

నేను బడిలో చదివింది తక్కువ. పదో తరగతి లెక్కల్లో తప్పాను, మళ్ళీ కట్టలేదు. మిగతా చదువంతా ఊరిగాంలోని చిన్న గ్రంథాలయంలో, కిటికీ పక్క బెంచీ మీద అయింది. అది నాకు గర్వమే, దాచుకోను. బొమ్మలు వేయడం కూడా ఎవరూ నేర్పలేదు. నా బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, ఇల్లు ఉండదు. రంగు ఉంటుంది, దాని పక్కన ఇంకో రంగు ఉంటుంది. అవి రెండూ ఒకదాన్నొకటి ఏం చేస్తున్నాయో చూడడమే నా పని.

నేను పుట్టేనాటికే గనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో దిగాడు, ఆయన వెనక నాయన దిగాడు. మా లైన్లో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో తమిళం, కొళాయి దగ్గర రెండూ కలిసిపోయిన మూడో భాష. ఇళ్ళ వెనక సయనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సయనైడ్ నీళ్ళతో బంగారం లాగేసుకున్నాక మిగిలిన మట్టిని తరాల తరబడి పోస్తే అవి కొండలయ్యాయి. మాకు కొండలంటే అవే. పొద్దున బూడిద రంగు, మధ్యాహ్నం కళ్ళు మూయించే తెలుపు, సాయంత్రం నాలుగింటికి పండిన వెలగపండు గుజ్జు రంగు. వాన వచ్చే ముందు మాత్రం పావురం మెడ మీద ఆడే ఆకుపచ్చ ఒకటి వాటి మీద ఆడేది. చూస్తుండగానే పోయేది.

ఆ రోజుల్లో మా లైన్లో ఆడవాళ్ళు ఇత్తడి తోమడానికి ఆ దిబ్బ మట్టే తెచ్చుకునేవాళ్ళు. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉండేది. చింతపండు పిప్పిని ఆ మట్టిలో అద్ది రుద్దితే బిందె కొత్తదైపోయేది. అందులో ఇంకా ఏం మిగిలి ఉందో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడెవరూ ఆ పని చేయరు, చేయకూడదు కూడా.

మా బండ పక్కనే నీళ్ళ కోసం పెట్టుకున్న ఇనుప డ్రమ్ము ఉండేది. దాని అడుగు తుప్పు పట్టి, ఎప్పుడూ సన్నగా ఎర్రనీళ్ళు కారేవి. ఆ నీళ్ళు బండ పగుల్లోంచే పోయేవి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, రాత్రంతా వాన పడిన ఒక పొద్దున, తోమిన చెంబులు ఎత్తుకోవడానికి వెళ్ళి ఆ పగుల్లోకి చూశాను.

"మా, ఇట్ల రా! ఇది చూడు!"

అమ్మ చెంగు బిగించి వంగింది. వేలితో రుద్దింది. వేలికి అంటింది గాని పగుల్లోది పోలేదు. "ఇంకు ఎవురు పోసినారే?" అంది.

"నేను పోయలేదుమా. నా ఇంకు బుడ్డి అయిపోయి యా కాలమో అయింది."

అమ్మ ఇంకా వంగింది. చేతిలో చింతపండు పిప్పి అట్లాగే ఉంది. పక్కింటామె గోడ మీదుగా "ఏమక్కా, బండలో బంగారం దొరికిందా?" అని అరిచింది. అమ్మ అటు తిరక్కుండానే నాకు మాత్రమే వినబడేట్టు అంది: "శివుని గొంతు మాదిరుండాదే."

జానెడు గీత. నడుమ నల్లగా అనిపించే నీలం, అంచులకు వచ్చేకొద్దీ పాలపిట్ట రెక్క విప్పినట్టు. ఆకాశంలో, నెమలి ఈకలో, అమ్మ పెళ్ళి చీర అంచులో చూసిన నీలాలన్నీ దాని ముందు ఉతికి ఆరేసిన గుడ్డల్లా అనిపించాయి. నేను చెంబులు అక్కడే పెట్టి కూర్చుండిపోయాను. బడికి ఆలస్యమైంది. అమ్మ తిట్టలేదు. తను కూడా కూర్చుంది మరి.

అది నాలుగైదేళ్ళు ఉంది. వానల్లో చిక్కబడేది, ఎండల్లో సన్నగిల్లేది. తరువాత గచ్చు పోశారు.

నేను పెద్దదాన్నయ్యాక మాలూరులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరాను. పొద్దున్నే ఊరిగాంలో రైలెక్కి, బంగారపేట దాటి, మాలూరు ఇటుక బట్టీల ఎరుపు చూస్తూ దిగేదాన్ని. ఒకసారి సెలవు రోజున, తోటి పనామె కూతురికి స్కూలు పుస్తకాలు కావాలంటే తోడు వెళ్ళి, బెంగళూరులో ఒక స్టేషనరీ అంగడిలో నిలబడ్డాను. అద్దాల బీరువాలో వరసగా ట్యూబులు. ప్రతిదాని నడుముకూ లోపలి రంగు పట్టీ చుట్టి ఉంది. నా కళ్ళు నీలాల దగ్గర ఆగిపోయాయి.

"వాటర్ కలరా, ఆయిలా, అక్రిలికా?" అన్నాడు అంగడి పెద్దాయన.

"తేడా ఏందన్నా?"

ఆయన ఒక తెరిచిన ట్యూబు తీసి, నా బొటనవేలి గోరు మీద ఆవగింజంత నీలం పెట్టాడు. "ఇది అక్రిలిక్. ఆరినాక కడుగు, పోతే వచ్చి నన్ను అడుగమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి కడిగాను. పోలేదు. సబ్బు పెట్టాను. పోలేదు. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ గోరు వైపే చూస్తుంటే అమ్మ, "ఏం మే, గోరుకు దెబ్బ తగిలిందా?" అని అడిగింది. మరుసటి నెల జీతం రాగానే వెళ్ళి ఐదు ట్యూబులు తెచ్చుకున్నాను.

అక్రిలిక్ గురించి నాకున్న ప్రేమ ఎలా చెప్పాలో తెలియదు. మూత తిప్పగానే ముక్కుకు కొంచెం ఘాటు తగులుతుంది, అది నాకు మల్లెపూల వాసనంత ఇష్టం. పూసేటప్పుడు రంగులో కొంచెం పాల మసక ఉంటుంది. ఆరేకొద్దీ ఆ పాలు విరిగిపోయి అసలు రంగు పైకి లేస్తుంది. ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. అన్నం పొయ్యి మీద పెట్టి ఒక పూత వేస్తే, గంజి వార్చి వచ్చేసరికి రెండో పూతకు సిద్ధం. పనికి పోయే ఆడదానికి ఇంతకంటే మంచి రంగు ఎవరు చేస్తారు? సత్తు పళ్ళెంలో రంగులు కలిపేదాన్ని. పళ్ళెంలో ఎండిపోయిన రంగును గోటితో లేపితే గుడ్డు పెంకు లోపలి పొరలా ఊడి వస్తుంది, అన్ని రంగులూ ఒకదాని మీద ఒకటి. ఆ పొరలను పాత నోటుబుక్కు పేజీల మధ్య దాచేదాన్ని. అమ్మ వాటిని "పాము కుబుసాలు" అనేది.

అమ్మకు నా బొమ్మల మీద పెద్ద గౌరవం ఏమీ లేదు. పక్కింటామె వచ్చి, "అక్కా, ఇందులో మనిషి యాడ ఉండాడు?" అని అడిగితే, "మనిషి మాలూరుకు పనికి పోయినాడు. సాయంత్రం రైలుకొస్తాడులే," అని నవ్వేది. ఇంకో బొమ్మ చూసి, "దోసె మాడింది, పో, తిరగెయ్యి," అంది. కాని నేను ఎందుకు మొదలుపెట్టానో తనకు తెలుసు. ఆ బండ మీది నీలం మళ్ళీ ఒకసారి తన కళ్ళ ముందు పెట్టాలి. తను చూసి "ఇదే" అనాలి. అనగలిగేది తనొక్కతే.

మొదటి ప్రయత్నంలోనే పెద్ద తప్పు చేశాను. బహుశా మా ఊరివాళ్ళే చేయగల తప్పు. బోర్డులు రాసేవాళ్ళు వాడే నీలం పొడి బజారులో దొరికింది. దాన్ని అక్రిలిక్ జిగురులో కలిపాను. బండ మీది రంగు దిబ్బ మట్టిలోంచే కదా వచ్చి ఉంటుంది, ఆ మట్టి లేకుండా ఆ రంగెలా వస్తుందని, దిబ్బ దగ్గర నుంచి పిడికెడు మట్టి తెచ్చి అందులో వేశాను. చదరపు ప్లైవుడ్ ముక్క మీద దట్టంగా పూశాను. పూసిన రోజు దాని ముందు నుంచి లేవలేదు, అంత బాగుంది. ఒక నెల తిరిగేసరికి అంచుల నుంచి గోధుమరంగు పాకడం మొదలుపెట్టింది. రెండో నెలకు నీలం చచ్చిపోయి, తుప్పు మిగిలింది.

ఎందుకో తెలుసుకోవాలని గ్రంథాలయానికి పోయాను. అక్కడ రంగుల తయారీ గురించి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. ఒక పక్క నిఘంటువు, ఒక పక్క ఆ పుస్తకం. పేజీకి ఒక సాయంత్రం. గ్రంథాలయం చూసుకునే ఆయన, "ఏమ్మా, ఆ పుస్తకాన్ని నువ్వూ చెదపురుగులూ తప్ప ఇంగెవురూ ముట్టరు. ఎవురు ముందు ముగిస్తారో చూస్తా," అనేవాడు.

ఒక సాయంత్రం ఆ పేజీ వచ్చింది. ప్రష్యన్ బ్లూ అనే నీలం ఉంది. అది దేనితో పుడుతుందంటే ఇనుముతో, సయనైడ్‌తో. నేను ఆ మాటను నిఘంటువులో చూడాల్సిన పని లేకపోయింది. మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట అది. ఇనుముతో గట్టిగా కట్టుబడినప్పుడు దాని విషం చాలావరకు అణిగి, నీలంగా నిలబడుతుందట. పుల్లటి నీళ్ళు తగిలితే ఆ రంగు ఇంకా బాగా నిలుస్తుందట.

డ్రమ్ము నుంచి కారిన తుప్పునీళ్ళు. దిబ్బ మట్టి. అమ్మ చేతిలోని చింతపండు.

నేను బెంచీ మీది నుంచి లేచి నిలబడ్డానట. "ఏమ్మా, తేలు కుట్టిందా?" అని ఆయన పరిగెత్తుకొచ్చాడు. అమ్మ ఆ పొద్దున ఏమందో గుర్తొచ్చింది. శివుని గొంతు. విషం మింగి, దాన్ని కిందికి దిగనీయకుండా పట్టి ఉంచినందుకు నీలమైన గొంతు. అమ్మకు రసాయనాలు తెలియవు, పుస్తకాలు తెలియవు. చూసీ చూడగానే ఆ మాట అంది. బండ మీద జరిగింది సరిగ్గా ఇదేనని ఏ ప్రయోగశాలలోనూ ఎవరూ తేల్చలేదు, అది నేను కట్టుకున్న లెక్క మాత్రమే. అయినా ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దిబ్బల వైపు చూసి, తెలియకుండానే చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాను. భయమా, భక్తా, నాకు తెలియలేదు.

అదే పేజీ కింద నా తప్పు కూడా రాసి ఉంది. నేను బజారులో కొన్న బోర్డుల పొడి ఈ నీలమే. ఈ నీలానికి సున్నం గుణం సరిపడదు. అక్రిలిక్‌లోనూ ఆ గుణం ఉంది, దిబ్బ మట్టిలోనూ సున్నం కలిసి ఉంది. రెంటినీ కలిపి నా చేతులతో నేనే దాన్ని చంపాను. అందుకే అక్రిలిక్‌లో ఈ పేరుతో వచ్చే ట్యూబు మీద పేరు పక్కన చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంటుంది, ఇది అసలుది కాదు, దాని వన్నె మాత్రమే అని. వేరే నీలాలు కలిపి ఆ వన్నె తెస్తారు. అంత చిన్న ట్యూబు అంత నిజాయితీగా ఉండడం చూసి దాని మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ ట్యూబు తెచ్చి, తుప్పుగా మారిన ప్లైవుడ్ మీదే పలుచగా పూశాను. ఒక పూత ఆరాక ఇంకోటి, పదకొండు పూతలు. కింద చచ్చిన అసలు నీలం, పైన దాని వన్నె. అమ్మ ముందు పెట్టాను.

అమ్మ తల అటూ ఇటూ తిప్పి చూసింది. "లేదు పాపా. నల్లగుండాది."

"నల్లగానా?"

"బొగ్గు మాదిరుండాది. అది ఎట్ల వెలిగేది!"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ వారమే కొత్తగా కొన్న ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ముకు మూత పగిలిపోయింది. అక్రిలిక్‌ను నీళ్ళు ఏమీ చేయలేవు కదా అని ఆ ప్లైవుడ్ తీసుకెళ్ళి దాని మీద మూతగా పెట్టేశాను. అప్పటికి గనులు మూతపడుతున్నాయి, కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని కాలం. డ్రమ్ముకు మూత ముఖ్యం.

అక్కడి నుంచి ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలోనే గనులు పూర్తిగా ఆగాయి, నాయన పోయాడు, లైన్లో చాలామంది రైలెక్కి బెంగళూరు పనులకు మారారు. నేను బొమ్మలు వేస్తూనే ఉన్నాను. ప్రతిదాన్నీ అమ్మ ముందు పెట్టడం, అమ్మ "నల్లగుండాది" అనడం. తరువాతి బొమ్మలో ఇంకొంచెం తెలుపు కలిపేదాన్ని. మళ్ళీ నల్లగుంది అనేది. మళ్ళీ తెలుపు. టైటానియం వైట్ ట్యూబులు నీలం ట్యూబుల కంటే ముందు అయిపోయేవి.

ఒక ఆదివారం అమ్మ తన రవిక హుక్కులు కుట్టుకుని, "చూడు, సూదిలో దారం నేనే ఎక్కించినాను," అని గొప్పగా చూపించింది. ముదురు నీలం రవిక. హుక్కులు కుట్టింది నల్ల దారంతో.

"నీలం దారం దొరకలేదామ్మా?"

"ఇది నీలమే గదా. గుడ్డలో కలిసిపోయింది చూడు."

నేను దారాల డబ్బా తెచ్చి నలుపూ నీలమూ పక్కపక్కన పెట్టాను. "ఏది నీలం?" అమ్మ రెండూ వెలుగులోకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. "రెండూ ఒకటే గదే. ఏంటికి ఆట పట్టిస్తావు?" అంది.

అప్పుడు తెలిసింది. చూపు మసకగా ఉందని ఎప్పటి నుంచో అంటోంది, వయసని ఊరుకున్నాం. మరుసటి రోజు గ్రంథాలయంలో కంటి పుస్తకం వెతికాను. శుక్లం ముదిరేకొద్దీ కంట్లో కటకం పసుపు గోధుమరంగుకు తిరుగుతుందట. దానిలోంచి చూసేవాళ్ళకు అన్నిటికంటే ముందు పోయేది నీలమట. అమ్మ ఇన్నేళ్ళూ డికాక్షన్ గ్లాసులోంచి లోకాన్ని చూసింది. నేను ఆ గ్లాసుకు సరిపడా రంగులు కలుపుతూ వచ్చాను.

ఆపరేషన్ మాట ఎత్తితే అమ్మ ఒప్పుకోలేదు. "ఉండే చూపు కూడా పోతే? నీడ మాదిరైనా నీ మొకం కనబడతా ఉండాది. నాకది చాలు."

"మా, ఆ నీలం నువ్వు తప్ప ఇంకెవరూ చూడలేదు."

"నువ్వు చూసినావు గదా."

"నేనొక్కదాన్నే చూస్తే అది కల కింద లెక్క. నువ్వు కూడా చూసినావు కాబట్టే అది నిజం."

అమ్మ లేచి పెరట్లోకి పోయింది. రెండు రోజులు ఆ మాట రానివ్వలేదు. మూడో రోజు పొద్దున కొత్త చీర కట్టుకుని గడప దగ్గర నిలబడి, "బస్సుకు టైమైతా ఉండాది, ఏం చూస్తా ఉండావు?" అంది.

కోలారులో కుడి కంటికి ఆపరేషన్ అయింది. మరుసటి రోజు కట్టు విప్పి, నల్లద్దాలు ఇచ్చి, మూడు వారాల పాటు కంట్లో నీళ్ళు పడకూడదని చెప్పి పంపారు. బస్సు తమక అనే ఊరు దాటుతుండగా అమ్మ అద్దాలు పైకి లేపింది.

"అద్దాలు తీయొద్దన్నారు కదమ్మా!"

"ఒక్క నిమిషమే." కుడి కన్ను మూసింది, ఎడమ కన్ను మూసింది, మళ్ళీ కుడి. "ఈ కంటికి గంజి. ఈ కంటికి…" అని ఆగిపోయింది. కిటికీలోంచి మామూలు ఆకాశమే కనబడుతోంది. "ఎవురే దీనికింత నీలం పెట్టినారు?" అంది. ముందు సీటులో ఉన్నాయన వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని, "ఇది ఆకుపచ్చ గదప్పా?" అని అడిగింది. "అవునమ్మా," అన్నాడాయన పాపం. "నాకు తెలుసులే," అంది. దారంతా ఇదే. బోర్డులు, బకెట్లు, ఎవరో ఆరేసిన లుంగీలు. కన్ను మార్చి మార్చి చూడడం, నవ్వడం. నేను రంగుల గురించి ఎన్నో పుస్తకాలు చదివానని చెప్పాను కదా, ఆ గంట ప్రయాణంలో అమ్మ ముఖం చూసి నేర్చుకున్నది వాటిలో లేదు.

ఇంటికి రాగానే, "ఏవీ, నీ బొమ్మలు పెట్టు," అంది. ఇరవై రెండు బొమ్మలు గోడ పొడవునా వరసగా నిలబెట్టాను. అమ్మ మొదటి దాని నుంచి చివరి దాని దాకా నడిచింది. వెనక్కి వచ్చింది.

"ఇదేందే, నీలంలో ఇంత పాలు పోసినావు?"

"నువ్వే నల్లగుండాదని చెప్పినావు కదమ్మా!"

"నేను చెప్తే? రంగేసేది నువ్వా, నేనా?"

ఎనిమిదేళ్ళ పని గోడకు ఆనుకుని తెల్లగా నా వైపు చూస్తోంది. అమ్మకు జాలేసింది కాబోలు, "ఇవీ బాగుండాయిలే, పసిపిల్లల గుడ్డల మాదిరుండాయి," అంటూ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. నేను నేల మీద కూర్చున్నాను. డ్రమ్ము మూత జరిపిన చప్పుడు, చెంబు ముంచిన చప్పుడు, మూత పెట్టిన చప్పుడు. తరువాత ఏ చప్పుడూ లేదు.

"పాపా. ఇట్ల రా."

కంట్లో నీళ్ళు పడ్డాయేమోనని పరిగెత్తాను. అమ్మ చెంబు పట్టుకుని డ్రమ్ము ముందు కదలకుండా నిలబడి ఉంది. మూత మీద చెంబు నుంచి ఒలికిన నీళ్ళు పలుచగా పరుచుకున్నాయి. వాటి కింద ఆ పదకొండు పూతల నీలం. నడుమ నల్లగా అనిపించే నీలం, చెక్క అరిగిన అంచుల దగ్గర కింది తుప్పు పైకి తేలి, ఆ రెండూ కలిసేచోట పాలపిట్ట రెక్క. అమ్మ నల్లద్దాలు నెత్తి మీదికి పోయి ఉన్నాయి.

"ఇదే," అంది.

ఎండకు నీళ్ళు ఆరిపోయాయి. రంగు కొంచెం వెనక్కి తగ్గింది. "అయ్యో, పోయిందే!" అని అమ్మ నా భుజం పట్టుకుంది. నేను చేత్తో నీళ్ళు చిలకరించాను. మళ్ళీ వచ్చింది. ఆరింది. మళ్ళీ చిలకరించాను. మేమిద్దరం అట్లా ఎన్నిసార్లు చేశామో తెలియదు. బండ ఎప్పుడూ తడిగానే ఉండేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ నీలాన్ని మేం ఒక్కనాడూ పొడిగా చూడలేదు. నీళ్ళు ఏమీ చేయలేని రంగును ఎంచుకుని, నీళ్ళు లేకుండా ఎనిమిదేళ్ళు వెతికాను. అమ్మ మాత్రం ఆ మూతను రోజుకు పదిసార్లు ఎత్తి పెడుతూనే ఉంది, మసక కళ్ళతో.

తరువాత మెరుపు పూత కొని, ఇంకో పలక మీద వేసి చూశాను. "ఇది మెరస్తా ఉండాది, అది తడిసినట్టుండేది," అంది అమ్మ. నిజమే. మూత కడిగి గదిలో గోడకు పెడదామన్నాను. "అప్పుడు నీళ్ళలో దుమ్ము పడితే ఎవురు తాగుతారు?" అని ఒప్పుకోలేదు. అది ఇప్పటికీ డ్రమ్ము మీదే ఉంది. నా బొమ్మల్లో మంచిది చూడాలని ఎవరైనా వస్తే పెరట్లోకి తీసుకుపోయి చెంబుతో నీళ్ళు పోసి చూపిస్తాను.

ఇక నాకు సాయం చేసినవాళ్ళను తలుచుకోవాలి. మనుషుల పేర్లు రాయొద్దని అమ్మ మాట తీసుకుంది, దిష్టి తగులుతుందట. కాబట్టి చెదపురుగులతో పోటీ పెట్టి నాతో పుస్తకం పూర్తి చేయించిన గ్రంథాలయం ఆయనకు, నా గోరు మీద ఆవగింజంత నీలం పెట్టిన అంగడి పెద్దాయనకు, అమ్మ చేయి పట్టుకుని కట్టు విప్పిన నర్సమ్మకు, బస్సులో చొక్కా పట్టుకున్నా విసుక్కోని ఆయనకు, గోడ మీదుగా బంగారం దొరికిందా అని అడిగిన పక్కింటి అక్కకు పేర్లు లేకుండానే దండం పెడుతున్నాను. రంగులకు దిష్టి లేదు కాబట్టి వాటిని పేరు పెట్టి చెబుతాను. సాయంత్రం నాలుగింటి దిబ్బను ఇచ్చిన ఎల్లో ఓకర్‌కు. మాలూరు బట్టీలను ఇచ్చిన బర్న్ట్ సియెన్నాకు. ఎనిమిదేళ్ళు నా మాట విని, తప్పని తెలిసినా నీలంలో కలిసిన టైటానియం వైట్‌కు. అసలుదాన్ని కాదని ముందే ఒప్పుకున్న ప్రష్యన్ బ్లూ వన్నెకు. దాని కింద నా చేతిలో చచ్చిపోయి, అంచుల్లో ఇంకా కనబడుతున్న అసలు ప్రష్యన్ బ్లూకు.

అమ్మకు రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది. మొన్న డ్రమ్ము దగ్గర రెండు కళ్ళూ తెరిచి చూసి, "శివుని గొంతు కంటే కొంచెం ఎక్కువే ఉండాది," అంది.